బ్లెండర్‌లో ఉదయగిరి దుర్గం: కొండ, చెట్లు, చెరువు కట్టడం కొత్తవాళ్లకు మొదటి నుంచి

నెల్లూరు నుంచి ఉదయగిరి వెళ్తుంటే మెట్ట చేల వెనక దుర్గం లేస్తుంది. కింద తుమ్మలూ పొదలూ పట్టిన వాలు, దాని మీద కోసి నిలబెట్టినట్టుండే రాతిగోడ, ఆ పైన ఇంచుమించు బల్లపరుపు తల. ఈ మూడు గుర్తులూ కనిపిస్తేనే అది ఆ కొండ. కంప్యూటర్‌లో కొండ కట్టేవాళ్లు సాధారణంగా వీటిని పట్టించుకోకుండా నేరుగా నాయిస్ (కంప్యూటర్ తనంతట తాను పుట్టించే ఎగుడుదిగుడు నమూనా) మీదికి పోతారు. రిడ్జ్‌డ్ మల్టీఫ్రాక్టల్ అనే నాయిస్ ఎంచుకుంటే సూదుల్లాంటి శిఖరాలు వస్తాయి. అవి హిమాలయాలకు సరిపోతాయి గానీ ఈ దుర్గం ఉన్న, అరిగిపోయిన పాత వెలిగొండలకు నప్పవు.

అందుకని ఇక్కడ అసలు ఎత్తుల డేటాతోనే మొదలుపెట్టి, ఒక్క దృశ్యాన్ని చివరిదాకా కడదాం: చెరువు కట్ట మీద నిలబడి పడమరగా దుర్గాన్ని చూస్తున్న దృశ్యం. దుర్గం స్థలం, ఎత్తు నిజమైనవి. ముందున్న చెరువు మాత్రం మనం పెట్టుకునేది. భైరవకోన కొండలైనా, పెంచలకోన అయినా పద్ధతి ఇదే, కొలతలు మారతాయి.

కావలసినవి రెండు సాఫ్ట్‌వేర్లు, రెండూ ఉచితం: త్రీడీ దృశ్యాలు కట్టే బ్లెండర్, మ్యాపుల డేటా మీద పనిచేసే క్యూజీఐఎస్. ఇక్కడి పేర్లన్నీ బ్లెండర్ 4.2 ఎల్‌టీఎస్ ప్రకారం ఇచ్చినవి. 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్ చాలు, కాకపోతే చెట్ల దగ్గర చెప్పే జాగ్రత్తలు తప్పకుండా పాటించాలి.

ముందు కెమెరా, తర్వాత కొండ

ఎక్కడ నిలబడి చూస్తామో తేలకుండా నేల మొదలుపెడితే కనపడని చోట పని చేస్తూ వారం గడిచిపోతుంది. కాగితం మీద రెండు లెక్కలు వేసుకోండి.

మొదటిది స్కేలు. 1 బ్లెండర్ యూనిట్ అంటే 10 మీటర్లు అనుకుందాం. 6 కిలోమీటర్ల నేల 600 యూనిట్లు, 750 మీటర్ల ఎత్తు 75 యూనిట్లు, 15 మీటర్ల తాడిచెట్టు 1.5, మనిషి కంటి ఎత్తు 0.16. నిజం కొలతలే ఎందుకు పెట్టకూడదంటే, 6,000 యూనిట్ల నేలలో వ్యూపోర్ట్ (బ్లెండర్‌లో మనం పని చేసుకునే కిటికీ) 1,000 దగ్గరే దృశ్యాన్ని కోసేస్తుంది, దగ్గరి వస్తువులు వణుకుతాయి. మన స్కేల్లో కూడా ఎన్ ప్యానెల్‌లోని వ్యూ ట్యాబ్‌లో క్లిప్ ఎండ్‌ను 5,000 చేయండి, కెమెరా ప్రాపర్టీస్‌లోనూ అంతే. చాలామంది «కొండ సగం మాయమైంది» అని కంగారుపడేది ఈ ఒక్క అంకె వల్లే.

రెండోది లెన్సు. కొండ మనకంటే 700 మీటర్లు ఎత్తుగా, 3 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. 50 మిల్లీమీటర్ల లెన్సుతో, 16:9 చట్రంలో, అది నిలువునా 58 శాతం దాకా ఆక్రమిస్తుంది. అదే 24 పెడితే 28 శాతానికి పడిపోతుంది. విశాలంగా కనపడాలని 24 పెట్టి, కొండ పుట్టలా ఉందని ఎత్తును మూడు రెట్లు సాగదీయడం మామూలుగా జరిగే పొరపాటు. ఎత్తును ముట్టుకోకండి, లెన్సు మార్చండి. కంటికి నచ్చేలా కొంచెం పెంచాలనిపిస్తే 1.2 రెట్లు దాటకుండా చూసుకోండి.

ఎత్తుల డేటా

2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్ష నౌక రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం డేటా, యూరప్ వాళ్ల కోపర్నికస్ గ్లో-30, మన ఇస్రో భువన్‌లో దొరికే కార్టోడెమ్, ఈ మూడూ సుమారు 30 మీటర్లకు ఒక ఎత్తు చొప్పున ఇస్తాయి. మొదటి రెండూ ఓపెన్‌టోపోగ్రఫీ సైట్‌లో మ్యాప్ మీద చతురస్రం గీసి, జియోటిఫ్‌గా (స్థలం వివరం కూడా ఉండే బొమ్మ ఫైల్) దించుకోవచ్చు. ఉదయగిరి 14.87 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.3 తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. చుట్టూ కొంచెం ఎక్కువే తీసుకోండి, తర్వాత కోసుకుందాం.

క్యూజీఐఎస్‌లో మూడు పనులు.

1. రాస్టర్, ప్రొజెక్షన్స్, వార్ప్. టార్గెట్ సీఆర్‌ఎస్‌గా (భూమిని చదును మ్యాపు మీద కొలిచే పద్ధతి) ఈపీఎస్‌జీ 32644, అంటే యూటీఎం 44 ఉత్తర మండలం, ఎంచుకోండి. రీశాంప్లింగ్ క్యూబిక్, రిజల్యూషన్ 30. ఈ పని మానేస్తే కొలత డిగ్రీల్లోనే ఉండిపోతుంది. మన అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ తూర్పు పడమరలుగా 107.6 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 110.6. అంటే కొండ దాదాపు 3 శాతం అడ్డంగా సాగుతుంది. రీశాంప్లింగ్‌ను నియరెస్ట్ దగ్గరే వదిలేస్తే వాలు మీద దువ్వెనతో గీసినట్టు చారలు పడతాయి. ఆ చారలు పొద్దుటి ఎండలో ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

2. రాస్టర్, ఎక్స్‌ట్రాక్షన్, క్లిప్ రాస్టర్ బై ఎక్స్‌టెంట్. మౌస్‌తో గీస్తే చతురస్రం సరిగ్గా రాదు. కొండ మధ్య మౌస్ పెట్టి కింది పట్టీలో కనిపించే అంకెలు చూసి, నాలుగు హద్దులూ చేత్తో టైప్ చేయండి. రెండు వైపులా తేడా కచ్చితంగా 6,000 ఉండాలి. దుర్గం పడమటి సగంలో, మీరు నిలబడే చోటు తూర్పు సగంలో పడేలా చూసుకోండి.

3. రాస్టర్, కన్వర్షన్, ట్రాన్స్‌లేట్. అవుట్‌పుట్ డేటా టైప్ యూఇంట్16, ఫైల్ రకం పీఎన్‌జీ. అదనపు పారామీటర్ల గడిలో మైనస్ గుర్తు, వెంటనే స్కేల్ అన్న మాట ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, తర్వాత కనిష్ఠ ఎత్తు, గరిష్ఠ ఎత్తు, 0, 65535 వరసగా ఖాళీలు ఇస్తూ రాయాలి. కనిష్ఠ గరిష్ఠాలు లేయర్ ప్రాపర్టీస్‌లో దొరుకుతాయి.

ఆ రెండు అంకెల్నీ కాగితం మీద రాసి పెట్టుకోండి, బ్లెండర్‌లో అవే కావాలి. కనిష్ఠం మైనస్ 32768 అని చూపిస్తే అది లోయ కాదు, డేటా లేని గడి. దాన్ని అలాగే స్కేల్ చేస్తే కొండంతా పైన ఒక పలుచని పొరలో ఇరుక్కుని, నేల చదునైపోతుంది. వార్ప్ చేసిన బొమ్మ అంచుల్లోనే ఇలాంటి గడులు ఉంటాయి కాబట్టి లోపలికి కోస్తే పోతాయి. గరిష్ఠాన్ని కూడా సరిచూసుకోండి. దుర్గం ఎత్తు 3,079 అడుగులు, అంటే సుమారు 938 మీటర్లు. మీ అంకె దీనికి కొంచెం తక్కువ వస్తే కంగారు లేదు, 30 మీటర్ల గడి శిఖరాన్ని కాస్త అరగదీస్తుంది. వందల మీటర్లు తక్కువైతే మాత్రం మీరు కోసింది పక్క కొండని.

16 బిట్లు ఎందుకంత ముఖ్యమో ఒక్క భాగహారంతో తెలుస్తుంది. 8 బిట్ల బొమ్మలో 256 మెట్లే ఉంటాయి. 750 మీటర్లను వాటికి పంచితే మెట్టుకు 3 మీటర్లు. వాలంతా వరి కయ్యల్లా అంచెలు తేలిపోతుంది. 16 బిట్లలో అదే మెట్టు ఒక సెంటీమీటరు చిల్లర. జేపెగ్‌గా సేవ్ చేసినా, మధ్యలో ఇంకేదైనా బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి 8 బిట్లలో మళ్లీ సేవ్ చేసినా అంచెలు తిరిగి వస్తాయి. స్మూత్ చేసి వాటిని పోగొట్టబోతే రాతిగోడ కూడా కరిగిపోతుంది.

నేల లేపడం

యాడ్, మెష్, గ్రిడ్. మెష్ అంటే మూలలూ ముఖాలూ కలిపిన వల. సైజు 600, ఎక్స్, వై సబ్‌డివిజన్లు 256 చొప్పున. 6 కిలోమీటర్లలో డేటా గడులు 200కు 200 మాత్రమే కాబట్టి 256 సరిపోతుంది. 2,000 చేసినా కొత్త సమాచారం ఏదీ రాదు, కంప్యూటర్ మాత్రం ఆయాసపడుతుంది.

డిస్‌ప్లేస్ మాడిఫయర్ (బొమ్మలోని తెలుపు నలుపులను బట్టి మెష్‌ను పైకి లేపేది) పెట్టి, కొత్త టెక్స్చర్ తెరిచి, టెక్స్చర్ ట్యాబ్‌లో ఆ పీఎన్‌జీని ఎక్కించండి. కోఆర్డినేట్స్ యూవీ, డైరెక్షన్ జెడ్, మిడ్‌లెవెల్ 0, స్ట్రెంగ్త్ 75. ఈ 75 ఎక్కడిదంటే, గరిష్ఠంలోంచి కనిష్ఠం తీసేస్తే 750 మీటర్లు వచ్చిందనుకుని, స్కేలు ప్రకారం పదితో భాగించాం. మీ అంకె మీ డేటాను బట్టి ఉంటుంది. తర్వాత కుడి క్లిక్, షేడ్ స్మూత్.

ఇక్కడ తప్పు జరిగేది మూడు చోట్ల.

బొమ్మ కలర్ స్పేస్ నాన్-కలర్ కాకుండా ఎస్‌ఆర్‌జీబీలో ఉండిపోవడం మొదటిది. అప్పుడు సగం ఎత్తున, 375 మీటర్ల దగ్గర, ఉండాల్సిన చోటు 160కి దిగిపోతుంది. పాదం చదునై, తల ఒక్కటే మొనదేలి, కొండ కాస్తా గుడి గోపురంలా కనిపిస్తుంది. చూడగానే ఇదేదో బాగుందనిపిస్తుంది కూడా, అందుకే ఈ తప్పు దొరకదు.

రెండోది టెక్స్చర్ మ్యాపింగ్‌లో ఎక్స్‌టెన్షన్ రిపీట్‌లో ఉండటం. తూర్పు అంచు ఎత్తు పడమటి అంచుకు అంటుకుని, నేల చివర పళ్లలా ముళ్లు లేస్తాయి. ఎక్స్‌టెండ్ చేస్తే పోతాయి.

మూడోది ముందు చిన్న గ్రిడ్ వేసి, ఎస్ నొక్కి 600కు పెంచి, ఆ స్కేల్‌ను అప్లై చేయకపోవడం. స్ట్రెంగ్త్ కూడా అన్ని రెట్లు పెరిగి కొండ ఆకాశంలోకి పోతుంది. కంట్రోల్-ఎ, స్కేల్.

బ్లెండర్‌జీఐఎస్ అనే యాడాన్ ఈ పనంతా ఒక్క బటన్‌తో చేస్తుంది. వాడుకోవచ్చు. అయితే ఒక్కసారైనా ఈ మెట్లన్నీ చేత్తో ఎక్కినవాళ్లకే బటన్ తప్పు చేసినప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. డేటా అసలు వద్దనుకునేవాళ్లకు ఏఎన్‌టీ ల్యాండ్‌స్కేప్ యాడాన్ ఉంది. 4.2 నుంచి దాన్ని ఎక్స్‌టెన్షన్స్‌లోంచి విడిగా దించుకోవాలి. అందులో మన కొండలకు హెటెరో టెరైన్ రకం దగ్గరగా వస్తుంది.

ఇప్పుడొక కఠిన సత్యం. ఈ నేల 3 కిలోమీటర్ల దూరానికి బాగుంటుంది, కాళ్ల కిందికి పనికిరాదు. 23 మీటర్లకు ఒక మూల ఉన్న మెష్‌లో గట్టు ఉండదు, బాట ఉండదు, గుంట ఉండదు. మొత్తం మెష్‌ను నరకకుండా కెమెరా ముందు వేరే గ్రిడ్ వేయండి: సైజు 30 యూనిట్లు, సబ్‌డివిజన్లు 300. మీటరుకు ఒక మూల వస్తుంది, ముఖాలు 90 వేలే. దానికి ష్రింక్‌ర్యాప్ మాడిఫయర్ పెట్టి పెద్ద నేల మీద కూర్చోబెట్టి, ఆఫ్‌సెట్ 0.02 ఇచ్చి, అప్లై చేసి, ఆ తర్వాతే స్కల్ప్ట్ చేయాలి. కట్ట, బాట, రాళ్లు అన్నీ దీని మీదే.

రాయి, మన్ను, గడ్డి

వాలును బట్టి రంగు పంచడం అసలు కిటుకు. షేడర్ ఎడిటర్‌లో జామెట్రీ నోడ్ (తీగలతో కలుపుకునే గడుల్లో ఒకటి) నుంచి నార్మల్ (ఉపరితలం చూసే దిశ) తీసుకుని, సెపరేట్ ఎక్స్‌వైజెడ్‌లో వేసి, జెడ్‌ను కలర్ ర్యాంప్‌కు ఇవ్వండి. చదును నేలకు జెడ్ 1, నిట్టనిలువు గోడకు 0, 45 డిగ్రీల వాలుకు 0.71. ర్యాంప్‌లో 0.75 కింద రాయి, 0.85 పైన మన్నూ చెట్లూ, మధ్యలో కలగలుపు.

పుస్తకం ప్రకారం రాతిగోడ అంటే 0.3 కింద ఉండాలి కదా అనిపిస్తుంది. కానీ 30 మీటర్ల ఎత్తు రాతిగోడ 30 మీటర్ల గడిలో పడితే డేటాకు అది 45 డిగ్రీల వాలే. కాబట్టి గీత పైకి జరపాలి. రాయి మరీ ఎక్కువ కనిపిస్తే 0.7కి దించి చూడండి.

ఆ గీత నేరుగా వదిలేస్తే పెయింటు డబ్బా ఒలికినట్టు ఉంటుంది. నాయిస్ టెక్స్చర్ ఒకటి, స్కేల్ 0.3, తెచ్చి మ్యాథ్ నోడ్‌తో దాని విలువలోంచి 0.5 తీసేసి, 0.15తో హెచ్చించి, జెడ్‌కు కలపండి. అంచు చిందరవందరగా తెగుతుంది. నాయిస్‌కు కోఆర్డినేట్లుగా జామెట్రీ నోడ్‌లోని పొజిషన్‌నే వాడండి. పాత పాఠాల్లో మస్‌గ్రేవ్ నోడ్ వాడమంటారు. 4.1 నుంచి ఆ నోడ్ విడిగా లేదు, నాయిస్ టెక్స్చర్‌లోనే ఒక రకంగా కలిసిపోయింది.

వెలిగొండల రాయి పొరలు పొరలుగా ఉంటుంది. గుండ్రటి బండల నాయిస్ వేస్తే అది వేరే ఊరి కొండ అయిపోతుంది. పొరలు రావాలంటే: పొజిషన్‌ను మ్యాపింగ్ నోడ్‌లోంచి పంపించి, స్కేల్ ఎక్స్ 0.02, వై 0.02, జెడ్ 1 ఇచ్చి, నాయిస్‌లోకి వదలండి. నాయిస్ అడ్డంగా సాగి, కొండను చుట్టుకున్న పట్టీలు తేలతాయి. దీనికి ముందు ఇంకో మ్యాపింగ్ నోడ్ పెట్టి అందులో రొటేషన్ ఎక్స్‌ను 10 డిగ్రీలు వంచితే పొరలు ఒరిగినట్టు కనిపించి, యంత్రం గీసినట్టున్న అందం పోతుంది. ఆ పోవడమే మనకు కావాలి. ఈ నాయిస్‌ను రాతి రంగు ముదురు లేతలకూ, బంప్ నోడ్‌కూ రెండింటికీ ఇవ్వండి. బంప్ స్ట్రెంగ్త్ 0.4 దగ్గర మొదలుపెట్టండి.

రంగుల దగ్గర చెయ్యి బిగబట్టాలి. కలర్ పికర్‌లో హెచ్‌ఎస్‌వీ తెరిచి ఈ అంకెలతో మొదలుపెట్టి, మీ కంటితో సవరించుకోండి. ఎర్రమన్ను: హ్యూ 0.04, శాచురేషన్ 0.65, వాల్యూ 0.25. రాయి: 0.07, 0.25, 0.25. ఎండుగడ్డి: 0.1, 0.5, 0.35. పొదలు: 0.2, 0.6, 0.1. పొదల వాల్యూ అంత తక్కువా అనిపిస్తుంది. ఆకు నిజంగానే అంత నల్లన, ఎండ దాన్ని పచ్చగా చూపిస్తుంది. పచ్చదనాన్ని రంగులోనే పోసేస్తే ప్లాస్టిక్ తోరణంలా ఉంటుంది. కాలాన్ని కూడా తేల్చుకోండి. ఇక్కడ ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాలదే, కాబట్టి నవంబరు, డిసెంబరుల్లో పచ్చదనం పెంచండి. మే నెల దృశ్యమైతే పొదల వాటా సగం తగ్గించి ఎండుగడ్డీ మన్నూ పెంచాలి.

చెట్లు

ముందు మూడు నాలుగు నమూనాలు చేసి ఒక కలెక్షన్‌లో పెట్టండి. సర్కారు తుమ్మకు ఒకే మాను ఉండదు. మొదట్లోనే నాలుగైదు కొమ్మలుగా చీలి పక్కలకు పరుచుకుంటుంది. ఎత్తు 0.3 నుంచి 0.5 యూనిట్లు. దూరపు చెట్టుకు 400 ముఖాలు చాలు. ప్రతి చెట్టు ఆరిజిన్ మొదట్లో ఉండాలి. నడుములో ఉంటే సగం చెట్టు నేలలోకి దిగిపోతుంది.

జామెట్రీ నోడ్స్ మాడిఫయర్‌ను డిస్‌ప్లేస్ కింద పెట్టండి. పైన పెడితే చెట్లు చదును గ్రిడ్ మీద మొలుస్తాయి. నోడ్ల వరస: గ్రూప్ ఇన్‌పుట్, డిస్ట్రిబ్యూట్ పాయింట్స్ ఆన్ ఫేసెస్, ఇన్‌స్టెన్స్ ఆన్ పాయింట్స్, జాయిన్ జామెట్రీ, గ్రూప్ అవుట్‌పుట్. నేల జామెట్రీని కూడా జాయిన్‌కు కలపకపోతే కొండ మాయమై చెట్లు గాల్లో ఉంటాయి.

కలెక్షన్ ఇన్ఫోలో సెపరేట్ చిల్డ్రన్, రీసెట్ చిల్డ్రన్ రెండూ టిక్ పెట్టి, ఇన్‌స్టెన్స్ ఆన్ పాయింట్స్‌లో పిక్ ఇన్‌స్టెన్స్ టిక్ పెట్టండి. ఈ చివరి టిక్ మరిచిపోతే నాలుగు చెట్లూ ఒకే చోట గుచ్ఛంగా మొలుస్తాయి.

పంపకం పాయిసన్ డిస్క్‌లో ఉంచి, కనీస దూరం 0.6, డెన్సిటీ మ్యాక్స్ 0.15 ఇవ్వండి. 600కు 600 యూనిట్ల నేలలో ఇది గరిష్ఠంగా 54 వేల చెట్లు. వాలును బట్టి ఆపడానికి నార్మల్, సెపరేట్ ఎక్స్‌వైజెడ్, జెడ్, కంపేర్ గ్రేటర్ దేన్ 0.8, ఆ ఫలితం సెలెక్షన్‌లోకి. రాతిగోడ మీద చెట్లు ఆగిపోతాయి. చెట్లు అడవిలో సమంగా ఉండవు, వాగు వెంట గుంపు కడతాయి, బండ మీద పలచబడతాయి. నాయిస్ టెక్స్చర్ స్కేల్ 0.05తో తీసుకుని, మ్యాప్ రేంజ్‌లో 0.4 నుంచి 0.6 దాకా ఉన్నదాన్ని 0 నుంచి 1కి లాగి, డెన్సిటీ ఫ్యాక్టర్‌కు ఇస్తే రెండు వందల మీటర్ల గుంపులు ఏర్పడతాయి.

రొటేషన్ విషయంలో చెట్టుకూ రాయికీ తేడా ఉంది. డిస్ట్రిబ్యూట్ నోడ్‌లోంచి వచ్చే రొటేషన్‌ను చెట్లకు తగిలిస్తే అవి వాలుకు లంబంగా, తుఫానుకు ఒరిగినట్టు నిలబడతాయి. చెట్టు ఎప్పుడూ ఆకాశం వైపే పెరుగుతుంది. కాబట్టి దాన్ని వదిలేసి, ర్యాండమ్ వాల్యూను వెక్టర్‌గా పెట్టి, మ్యాక్స్‌లో జెడ్ ఒక్కటే 6.283 ఇవ్వండి. అక్కడ కొలత రేడియన్లలో ఉంటుంది. 360 అని కొట్టినా తిరుగుతాయిలెండి, లెక్క మాత్రం తప్పు. రాళ్లకు మాత్రం ఆ రొటేషన్ తగిలించండి. స్కేలు 0.7 నుంచి 1.3 మధ్య.

రియలైజ్ ఇన్‌స్టెన్సెస్ నోడ్ జోలికి పోకండి. 400 ముఖాల చెట్టు 54 వేల సార్లంటే 2 కోట్ల పైచిలుకు ముఖాలు. ఇన్‌స్టెన్సులుగా (ఒకే చెట్టుకు నకళ్లుగా) ఉన్నంతసేపూ ఒక్క చెట్టు బరువే, రియలైజ్ చేసిన క్షణాన 8 జీబీ ర్యామ్ చేతులెత్తేస్తుంది. పని చేసుకునేటప్పుడు కూడా అన్నీ కనపడనక్కర్లేదు. ఈజ్ వ్యూపోర్ట్ నోడ్‌ను స్విచ్ నోడ్‌కు తగిలించి, వ్యూపోర్ట్‌లో డెన్సిటీ 0.005, రెండర్‌లో 0.15 వచ్చేలా చేసుకోండి.

తాడిచెట్ల సంగతి వేరు. వాటిని నాయిస్‌తో చల్లితే ఎక్కడో దీవి అనిపిస్తుంది. మన వైపు తాళ్లు గట్ల వెంట, చెరువు కట్ట వెంట వరసగా ఉంటాయి. కట్ట మీద ఒక కర్వ్ గీసి, రీశాంపుల్ కర్వ్‌లో లెంగ్త్ 0.8 ఇచ్చి, ఆ పాయింట్ల మీద నిలపండి. సెట్ పొజిషన్‌తో 0.2 దాకా అటూ ఇటూ జరిపి, డిలీట్ జామెట్రీతో నాలుగింట ఒకటి తీసేయండి. వరసలో కొన్ని కొట్టేసి ఉండటమే నిజం.

చెరువు

పడమటి కొండల నుంచి తూర్పుకు దిగే నీటిని ఆపడానికి కట్టిన చెరువుకు కట్ట తూర్పు వైపున ఉంటుంది. దానివల్ల కెమెరాకు మంచి చోటు దానంతటదే దొరికింది: కట్ట మీద నిలబడితే ముందు నీళ్లు, వెనక దుర్గం. కట్ట ఎత్తు 4 మీటర్లయితే కెమెరా నీటికి 0.4, కంటి ఎత్తు 0.16, మొత్తం 0.56 యూనిట్ల పైన.

రాడార్ డేటాలో చదును నేల కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ నేల మీద నీటి ప్లేన్ వేస్తే చెరువు నిండా లంకలు తేలతాయి. అందుకని డిస్‌ప్లేస్ అప్లై చేసి, ఎడిట్ మోడ్‌లో చెరువు గర్భంలోని మూలల్ని ఎంచుకుని, ప్రపోర్షనల్ ఎడిటింగ్‌ను ఆన్ చేసి, ఎస్, జెడ్, 0 కొట్టి చదును చేసి, 0.2 కిందికి దించండి. అప్లై చేసే ముందు ఫైల్‌ను వేరే పేరుతో దాచుకోండి.

నీటికి ప్రిన్సిపుల్డ్ బీఎస్‌డీఎఫ్ చాలు. బేస్ కలర్ బురద ఆకుపచ్చ, వాల్యూ 0.05. రఫ్‌నెస్ 0.05, ఐఓఆర్ 1.333, ట్రాన్స్‌మిషన్ 0. మన చెరువు నీళ్లలో అడుగు కనపడదు కాబట్టి గాజులాంటి నీరు అక్కర్లేదు, రెండర్ సమయం కూడా మిగులుతుంది. నీలం వేయకండి. నీలం ఆకాశం ప్రతిబింబంలోంచి వస్తుంది. అలలకు నాయిస్ బంప్ స్ట్రెంగ్త్ 0.03 పెట్టండి. 0.2 పెడితే దుర్గం నీడ నీళ్లలో ముక్కలైపోయి, చెరువు కాస్తా కొత్తపట్నం సముద్రమవుతుంది.

నీళ్లూ నేలా కలిసే గీత గీసినట్టు ఉంటే అబద్ధం బయటపడుతుంది. నేల మెటీరియల్‌లో పొజిషన్ జెడ్ తీసుకుని, నీటి మట్టం నుంచి 0.05 పైదాకా మన్ను రంగును సగానికి ముదురు చేసి, రఫ్‌నెస్ 0.4కి తగ్గించండి. తడి ఒడ్డు వస్తుంది.

ఎండ, మసక

వరల్డ్‌లో స్కై టెక్స్చర్, నిషిటా రకం. బ్యాక్‌గ్రౌండ్ స్ట్రెంగ్త్‌ను 1 దగ్గరే వదిలేస్తే బొమ్మ తెల్లగా కాలిపోతుంది, 0.15 నుంచి 0.3 మధ్య ఉంచండి. కలర్ మేనేజ్‌మెంట్‌లో ఏజీఎక్స్. సూర్యబింబం సైకిల్స్ అనే రెండర్ ఇంజన్‌లోనే పనిచేస్తుంది, ఈవీ అనే ఇంకో ఇంజన్‌లో పనిచేయదు.

సూర్యుడి ఎత్తు ఊహించి పెట్టకండి. ఉదయగిరిలో డిసెంబరు ఆఖర్లో ఉదయం ఎనిమిదిన్నరకు ఎండ ఆగ్నేయం నుంచి, సుమారు 24 డిగ్రీల ఎత్తులో వస్తుంది. పక్కగా తగిలే ఆ ఎండలో రాతిపొరల నీడలు తెలుస్తాయి. ఏప్రిల్ ఆఖర్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నీడలన్నీ కాళ్ల కిందికి పోయి, ఎంత కష్టపడి చేసిన కొండైనా అట్టముక్కలా కనిపిస్తుంది. సాయంత్రమైతే సూర్యుడు కొండ వెనక్కి దిగుతాడు, ఆకారం తప్ప ఏదీ మిగలదు. అది కావాలనుకుంటే మంచిదే, అయితే రాయి మీద పెట్టిన శ్రమంతా వృథా. సన్ పొజిషన్ యాడాన్‌లో అక్షాంశం, రేఖాంశం, సమయ మండలం 5.5, తేదీ ఇస్తే లెక్క అదే చేస్తుంది. క్యూజీఐఎస్ బొమ్మలో పైభాగం ఉత్తరం, బ్లెండర్‌లో అది వై దిశ.

దూరం దూరంగా కనపడాలంటే మసక కావాలి. దృశ్యమంతా కప్పే క్యూబ్ వేసి వాల్యూమ్ స్కాటర్ డెన్సిటీ 0.001 ఇవ్వండి. 3 కిలోమీటర్లు అంటే 300 యూనిట్లు దాటేసరికి కొండ రంగులో నాలుగో వంతు పోయి, ఆకాశం రంగు చేరుతుంది. 0.01 పెడితే కొండే ఉండదు. స్కేలు మారిస్తే ఈ అంకె కూడా మారుతుందని గుర్తుంచుకోండి. ఇంటర్నెట్‌లో దొరికే అంకెలు మన దృశ్యానికి పనికిరానిది అందుకే.

వాల్యూమ్ రెండర్‌ను బాగా నెమ్మది చేస్తుంది. చిన్న లాప్‌టాప్ అయితే క్యూబ్ మానేసి, వ్యూ లేయర్ ప్రాపర్టీస్‌లో మిస్ట్ పాస్ ఆన్ చేసి, వరల్డ్‌లో మిస్ట్ స్టార్ట్ 20, డెప్త్ 600 ఇచ్చి, కంపోజిటర్‌లో దిగంతం దగ్గరి ఆకాశం రంగుతో మిక్స్ చేయండి. ఫ్యాక్టర్ 0.5 దాటకుండా కలర్ ర్యాంప్‌తో ఆపాలి, లేకపోతే ఆకాశం కూడా వెలిసిపోతుంది. నేల చివర అంచు కనిపిస్తుంటే అడుగున 3,000 యూనిట్ల చదును ప్లేన్ ఒకటి వేస్తే చాలు, మసక దాన్ని కప్పేస్తుంది.

రెండర్

సైకిల్స్, 1920కి 1080, శాంపిల్స్ 200, నాయిస్ థ్రెషోల్డ్ 0.03, డీనాయిజ్ (రెండర్‌లోని చుక్కలు తుడిచేది) ఆన్. ముందు రిజల్యూషన్ 25 శాతంలో ఒకటి తీసి చూసుకోండి. గ్రాఫిక్స్ కార్డు మెమరీ చాలక మధ్యలో ఆగిపోతే డివైస్‌ను సీపీయూకు మార్చండి, నెమ్మదిగానైనా పూర్తవుతుంది. డీనాయిజ్ తర్వాత దూరపు చెట్లు మైనపు ముద్దల్లా కలిసిపోతే శాంపిల్స్ 400 చేయాలి, డీనాయిజర్‌ను తిట్టుకుని లాభం లేదు.

వచ్చిన బొమ్మ పక్కన దుర్గం ఫొటో ఒకటి పెట్టి, రెండింటినీ నలుపు తెలుపులోకి మార్చి చూడండి. రంగు పక్కకు తప్పుకోగానే తేడాలు బయటపడతాయి. సాధారణంగా మన కొండ ఫొటోలో కంటే నల్లగా ఉంటుంది, అంటే మసక చాల్లేదు. ముందున్న కట్ట ఫొటోలో కంటే తెల్లగా ఉంటుంది, అంటే మన్ను వాల్యూ ఎక్కువైంది. ఆ రెండు అంకెలూ సవరించి, 25 శాతంలో మళ్లీ తీయండి.